రోములో మూడు రోజులు: తలుపులు మూసి ఉండే వేళల నుంచి ప్రణాళిక వేసుకునే విధానం

రోమ్ నగరం నేటి ఇటలీకి రాజధాని అయింది 1871లోనే. కానీ అంతకు ముందు ఎన్నో శతాబ్దాల పాటు అది ఒక మహాసామ్రాజ్యానికి, ఆ తరువాత పోపుల రాజ్యానికి రాజధానిగా ఉంది. ఆ కాలాలన్నీ నగరంలో పక్కపక్కన కాక ఒకదాని మీద ఒకటిగా పేరుకుని ఉన్నాయి. అందువల్ల మూడు రోజుల కోసం వెళ్లేవారు మొదట చూడవలసిన వాటి జాబితా రాసుకుంటే ఆ జాబితాకు అంతు ఉండదు. నా సలహా వేరు. ఏది ఏ రోజున, ఏ వేళలో మూసి ఉంటుందో ముందుగా కాగితం మీద పెట్టండి. మిగిలిన ఖాళీలలోనే మీ ప్రయాణం ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఈ పని చేయలేదు. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో చిత్రాల కోసం నగరం అటు చివర నుంచి నడుచుకుంటూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక చర్చికి చేరుకున్నాను, తలుపు వేసి ఉంది. మళ్లీ తీసేది రెండున్నరకు. రెండు గంటలకు నాకు మరోచోట ప్రవేశ సమయం ఉంది. ఆ చిత్రాలు ఆ ప్రయాణంలో చూడలేకపోయాను.

మొదటి మెట్టు: వారాన్ని ఎంచుకోవడం

వాటికన్ మ్యూజియంలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, కానీ ఆ రోజు జనసందోహంలో నిలబడి చూడటం కంటే చూడకపోవడమే మేలు. శిల్పాలు, చిత్రాలు ఉన్న బొర్గేసే గ్యాలరీకి సోమవారం సెలవు. బుధవారం ఉదయం సెయింట్ పీటర్స్ చౌకులో పోప్ దర్శనసభ జరిగితే అక్కడి బసిలికా అనే పెద్ద చర్చిలోకి సందర్శకులను మధ్యాహ్నం వరకూ సాధారణంగా అనుమతించరు. నెలలో మొదటి ఆదివారం కొలోసియంతో సహా ప్రభుత్వ మ్యూజియంలు, పురావస్తు స్థలాలు ఉచితం. వినడానికి బాగుంటుంది, కానీ ఉన్నవే మూడు రోజులైనప్పుడు అందులో సగం పూట వరుసలో గడపడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

ఇవన్నీ ఒక వారం పట్టికలో గీసి చూస్తే గురు, శుక్ర, శనివారాలు ఏ అడ్డూ లేకుండా తేలతాయి. అందుకే కింద చెప్పబోయే ప్రణాళిక ఆ మూడు రోజులను దృష్టిలో పెట్టుకుని రాశాను. శుక్రవారంతో ఒక్క ఇబ్బంది ఉంది. బస్సులు, మెట్రో సిబ్బంది సమ్మెలు తరచుగా ఆ రోజునే వస్తాయి. అయితే అవి ముందుగా ప్రకటించినవే అయి ఉంటాయి. సమ్మె రోజున కూడా ఉదయం ఎనిమిదిన్నర వరకు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు వాహనాలు నడపాలన్న నియమం ఉంది. బయలుదేరే వారంలో ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

నెల విషయానికి వస్తే ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు నడవడానికి హాయిగా ఉంటాయి, జనం కూడా అప్పుడే ఎక్కువ. జూలై, ఆగస్టులలో ప్రాచీన నగర కూడలి అయిన ఫోరం శిథిలాల మధ్య నీడ దొరకదు. పైగా అక్కడివారి ఆగస్టు 15 పండుగకు అటూ ఇటూ చిన్న హోటళ్లు, దుకాణాలు చాలావరకు మూసేసి యజమానులు ఊళ్లకు వెళ్లిపోతారు. జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా నగరం ప్రశాంతంగా ఉంటుంది, గదుల ధరలూ దిగుతాయి. కానీ పగలు చిన్నది. కొలోసియం, ఫోరం మూసే వేళ సూర్యాస్తమయాన్ని బట్టి మారుతుంది. నడి చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే మూస్తారు, చివరి ప్రవేశం అంతకు గంట ముందే. శీతాకాలంలో వెళ్లేవారు ఆరుబయలు స్థలాలన్నిటినీ ఉదయానికి, చర్చిలనూ గ్యాలరీలనూ సాయంత్రానికి మార్చుకోవాలి. జూన్ 29 నగర రక్షకులైన పీటర్, పాల్ పునీతుల పండుగ. ఆ రోజు వాటికన్ మ్యూజియంలు తెరవరు.

రెండో మెట్టు: ముందుగా కొనవలసినవి, కొననక్కరలేనివి

ఇటలీతో సహా పలు ఐరోపా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా అవసరమైనవారు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేసి తీరాలి. వైద్య ఖర్చులకు 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా కూడా ఉండాలి. ఆఖరి పదిహేను రోజుల దాకా ఆగడం ప్రమాదమని వేరే చెప్పనక్కరలేదు. వేసవి ప్రయాణమైతే రెండు మూడు నెలల ముందే ఈ పని ముగించండి.

ప్రవేశ టికెట్లలో మూడింటిని మాత్రమే ముందుగా తీసుకోవాలి. వాటికన్ మ్యూజియంల టికెట్లు దాదాపు రెండు నెలల ముందు, కొలోసియం టికెట్లు నెల రోజుల ముందు అధికారిక వెబ్‌సైట్లలో వస్తాయి. కొలోసియం టికెట్ మీద పేరు ఉంటుంది, గుర్తింపు పత్రం చూపమంటారు, కాబట్టి పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయాలి. ఒకే టికెట్‌తో కొలోసియం, ఫోరం, పాలటైన్ కొండ మూడూ చూడవచ్చు. కానీ ఫోరం, పాలటైన్ కలిపి ఒక్క ప్రవేశంగానే లెక్క. ఒకసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి వెళ్లనివ్వరు. భోజనానికి బయటికి వచ్చి తిరిగి వెళ్దామనుకున్నవారు గేటు దగ్గర దిగాలుగా నిలబడటం నేను చాలాసార్లు చూశాను. మూడోది బొర్గేసే గ్యాలరీ. అక్కడ ముందస్తు నమోదు లేకుండా ప్రవేశం లేదు, ఒక్కో విడతకు రెండు గంటలు మాత్రమే ఇస్తారు. సందర్శకుల సంఖ్యకు పరిమితి ఉండటం వల్ల లోపల ఒక శిల్పం చుట్టూ తీరికగా తిరిగే చోటు దొరుకుతుంది. మూడింటిలోనూ ముందుగా నిండిపోయేది సాధారణంగా ఇదే. అందుకని మొదట దీని సమయం ఖాయం చేసుకుని మిగిలిన రెండింటినీ దాని చుట్టూ అమర్చుకోండి.

ప్రాచీన రోమన్లు ఆలయంగా కట్టిన పాంథియన్‌కు 2023 జూలై నుంచి ప్రవేశ రుసుము పెట్టారు. దానికి నెలల ముందు ఆలోచించనక్కరలేదు. చర్చిలలో దాదాపు అన్నీ ఉచితం. నగర పాస్ కార్డులు ఈ మూడు రోజుల ప్రణాళికకు పెద్దగా లాభించవు, ఎందుకంటే ఇక్కడ చెప్పిన వాటిలో సగం ఉచితమే, మిగిలిన దూరం కాలినడకే.

మూడో మెట్టు: బస

తెర్మినీ రైల్వే స్టేషన్ చుట్టుపక్కల గదులు చవక, విమానాశ్రయపు రైలు అక్కడికే వస్తుంది, మెట్రో ఎ, బి మార్గాలు అక్కడ కలుస్తాయి. కానీ రాత్రి భోజనం అయ్యాక నడుచుకుంటూ గదికి వెళ్లే సుఖం అక్కడ తక్కువ. నేనైతే మోంతి పేటను ఎంచుకుంటాను. కొలోసియానికి పది నిమిషాలు, తెర్మినీకి పదిహేను ఇరవై నిమిషాల నడక. నదికి అవతల ఉన్న ట్రాస్తెవెరే సాయంత్రాలకు అందంగా ఉంటుంది, నిద్రకు మాత్రం అంత నిశ్శబ్దంగా ఉండదు. పాంథియన్, నవోనా ప్రాంతంలో మెట్రో స్టేషన్ ఒక్కటీ లేదు, ధరలు కూడా ఎక్కువే. ఎక్కడ దిగినా నగరపాలిక విధించే బస పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని విడిగా ఉంటుంది. గది అద్దెలో అది సాధారణంగా కలిసి ఉండదు, దిగినచోటే కట్టమంటారు.

ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ ఎక్కడా ఆగకుండా 32 నిమిషాలలో తెర్మినీకి చేరుస్తుంది. ట్రాస్తెవెరే వైపు బస అయితే ఆ రైలు ఎక్కవద్దు. ఎఫ్ఎల్1 అనే స్థానిక రైలు నేరుగా ట్రాస్తెవెరే స్టేషన్‌లో ఆగుతుంది, టికెట్ కూడా చవక. నగర ప్రాకారం లోపలి చిరునామాలకు అధికారిక టాక్సీలు స్థిర రుసుముకే వెళ్లాలి. తెల్లని టాక్సీనే ఎక్కి, బయలుదేరే ముందే ఆ మాట అడిగి నిర్ధారించుకోండి.

చక్రాల సూట్‌కేసు లాక్కుని వెళ్లేవారికి ఒక మాట. పాత వీధులలో నేలంతా నల్లని అగ్నిశిలల దిమ్మెలు పరిచి ఉంటుంది. సామాను ఎంత తక్కువైతే అంత మంచిది, చెప్పుల అడుగు మందంగా ఉండాలి.

గురువారం: కొలోసియం, దాని కింద ఉన్న కాలాలు

కొలోసియానికి ఉదయం మొదటి విడతల్లోనే సమయం తీసుకోండి. వెస్పాసియన్ చక్రవర్తి మొదలుపెట్టిన ఈ రంగస్థలాన్ని ఆయన కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. గంటన్నరలో చూడవచ్చు. అక్కడి నుంచి పాలటైన్ కొండ ఎక్కి, పైనుంచి ఫోరంలోకి దిగడం మంచి వరుస. కొండ మీద చెట్ల నీడ ఉంటుంది, కింద ఫోరం మొత్తం పటంలా కనిపిస్తుంది, ఆ తరువాత కిందికి దిగితే ఏ రాయి ఏ కట్టడానిదో అర్థమవుతుంది. నేరుగా ఫోరంలోకి వెళ్లినవారికి అది విరిగిన స్తంభాల గుంపులాగే మిగిలిపోతుంది. నీళ్ల సీసా మరిచిపోవద్దు. నగరమంతటా సుమారు 2,500 చిన్న ఇనుప కుళాయిలు ఎడతెరిపి లేకుండా నీరు పోస్తూ ఉంటాయి, వాటి ముక్కులాంటి గొట్టాన్ని బట్టి వాటిని ‘నసోనీ’ అంటారు. ఆ నీరు తాగవచ్చు. గొట్టం కింది రంధ్రాన్ని వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీరు ధారగా పైకి లేస్తుంది, సీసా లేకపోయినా నోటితో అందుకోవచ్చు.

మధ్యాహ్నం ఫోరంలోంచి బయటపడి భోజనం చేశాక, చర్చిలు మళ్లీ తలుపులు తీసే వేళకు సాన్ క్లెమెంతెకు నడవండి. కొలోసియం నుంచి ఐదారు నిమిషాల దూరం. రోమ్ నగరం ఎలా కట్టుకుందో చెప్పడానికి నాకు ఇంతకు మించిన చోటు తెలియదు. వీధి మట్టంలో కనిపించేది 12వ శతాబ్దపు బసిలికా. మెట్లు దిగితే దాని కింద 4వ శతాబ్దపు చర్చి, వెలిసిన కుడ్యచిత్రాలతో సహా ఉంది. 1857లో ఇక్కడి ఐరిష్ డొమినికన్ మఠానికి చెందిన జోసెఫ్ ములూలీ తవ్వించేదాకా అది మట్టిలో కప్పబడి ఉంది. ఇంకా కిందికి దిగితే 1వ శతాబ్దపు ఇటుక గోడల మధ్య ఇరుకైన సందు, దాని పక్కన మిత్ర దేవుని ఆరాధన మందిరం. రాతి అరుగులు రెండు వైపులా, నడుమ ఎద్దును వధిస్తున్న దేవుని బొమ్మ చెక్కిన వేదిక. చల్లని తేమ ఒంటికి తగులుతుంది. ఆ అట్టడుగు అంతస్తులో ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడితే గోడ వెనక నీరు పారుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. పైకి వచ్చేటప్పుడు ఎక్కే ప్రతి మెట్టూ శతాబ్దాలను దాటిస్తున్నట్టు ఉంటుంది. పై చర్చికి రుసుము లేదు, కిందికి దిగడానికి మాత్రం టికెట్ ఉంది, దానికి గంటసేపు కేటాయించండి.

ఓపిక ఉంటే సాన్ పియెత్రో ఇన్ వింకొలీలో మైకెలాంజెలో చెక్కిన బైబిల్ ప్రవక్త మోషే విగ్రహం చూడవచ్చు, అదీ ఇటువైపే. సూర్యుడు వాలే సమయానికి కాపిటొలైన్ కొండ మీదికి చేరండి. మైకెలాంజెలో రూపకల్పన చేసిన చౌకు దాటి, నగరసభ భవనం పక్కగా వెనక్కి వెళితే ఉదయం మీరు నడిచిన ఫోరం అంతా సాయంకాలపు వెలుగులో కింద పరుచుకుని ఉంటుంది. దీనికి టికెట్ లేదు.

శుక్రవారం: వాటికన్, ఆ పైన నది దాటి పాత నగరం

చాలామంది ముందు మ్యూజియంలు, తరువాత బసిలికా అనుకుంటారు. నేను తిరగేసి చెబుతాను. సెయింట్ పీటర్స్ బసిలికా ఉదయం ఏడు గంటలకే తెరుస్తారు. ఆ వేళకు వెళితే తనిఖీ వరుస చిన్నదిగా ఉంటుంది, పది గంటలకు అదే వరుస చౌకును చుట్టేస్తుంది. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలన్న నియమాన్ని ఖచ్చితంగా పాటిస్తారు. గుమ్మటం పైకి 551 మెట్లు. లిఫ్టు తీసుకున్నా 320 మెట్లు ఎక్కక తప్పదు, చివరి భాగంలో గోడ గుమ్మటంతో పాటు ఒరిగి ఉంటుంది, ఇరుకు ప్రదేశాలంటే భయపడేవారు వెళ్లకపోవడమే మంచిది.

అక్కడి నుంచి ప్రాకారం వెంట పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే మ్యూజియంల ద్వారం వస్తుంది. పది, పదిన్నర ప్రాంతపు ప్రవేశం తీసుకోండి. లోపల దారి చాలా పొడవు, జనం అంతా ఒకే దిక్కుకు కదులుతుంటారు, వెనక్కి రావడం కష్టం. కాబట్టి అన్నీ చూడాలన్న పట్టుదల వదిలి పటాల వసారా, రాఫేల్ గదులు, సిస్టీన్ చాపెల్ అని మూడింటిని మనసులో పెట్టుకుని ఓపికను వాటికి దాచుకోండి.

సిస్టీన్ చాపెల్ విషయంలో ఒక చిన్న సంగతి ముందుగా తెలిసి ఉంటే చూపు మారిపోతుంది. మైకెలాంజెలో 1508 నుంచి 1512 వరకు ఆ పైకప్పును చిత్రించాడు. పని మొదలుపెట్టింది బలిపీఠానికి ఎదుటి చివర, బైబిల్‌లోని నోవహు కథతో. జలప్రళయం చిత్రంలో మనుషులు చిన్నగా, గుంపులుగా ఉంటారు. సగం పని అయ్యాక పరంజా విప్పి నేల మీద నుంచి చూసుకున్నాడు. ఆ తరువాత వేసిన చిత్రాలలో మనుషుల సంఖ్య తగ్గింది, ఆకారాలు పెరిగాయి. ఆదాము సృష్టి దృశ్యంలో రెండు చేతుల మధ్య ఖాళీ నేల మీద నుంచి కూడా కనిపించేది అందువల్లే. సందర్శకులు బలిపీఠం వైపు తలుపు నుంచి లోపలికి వస్తారు, అంటే ఆయన చివర వేసిన వాటి కింద అడుగుపెడతారు. అక్కడే మెడ ఎత్తి నిలబడిపోకుండా నేరుగా అటు చివరకు నడిచి, గోడ పక్కన బల్ల మీద చోటు దొరికితే కూర్చుని, జలప్రళయం నుంచి బలిపీఠం వైపు ఒక్కో చిత్రం చూస్తూ రండి. ఒక కళాకారుడు పని చేస్తూనే నేర్చుకున్న తీరు కళ్ల ముందు కనబడుతుంది. ఆ పీఠం వెనక గోడ మీది అంతిమ తీర్పు ఆయన 1536 నుంచి 1541 వరకు వేసినది, అప్పటికి ఆయన అరవైలలో ఉన్నాడు. లోపల ఫొటోలు తీయకూడదు, అందుకు నేను సంతోషిస్తాను.

బయటికి వచ్చాక రెండు గంటలు ఏ కార్యక్రమం పెట్టుకోవద్దు. తూకం మీద కోసి అమ్మే పిజ్జా ముక్కలతో భోజనం తేలికగా అయిపోతుంది. శాకాహారులు రోమన్ వంటకాలలో కార్బొనారా, అమత్రిచానాలలో పంది మాంసం ఉంటుందని గుర్తుంచుకోవాలి. కాచొ ఎ పెపె జున్ను, మిరియాలతో చేసే పాస్తా. కాఫీని కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే మరో ధర. తెర్మినీ, వాటికన్‌ల మధ్య తిరిగే 64వ నంబరు బస్సు జేబుదొంగలకు పేరుపడింది. పర్సు వెనక జేబులో ఉండకూడదు.

మధ్యాహ్నం సాంత్ ఆంజెలొ వంతెన మీదుగా నది దాటి నవోనా చౌకుకు రండి. డొమీషియన్ చక్రవర్తి పరుగు పందేల మైదానం ఆకారమే నేటికీ ఆ చౌకు ఆకారం. నడుమ శిల్పి బెర్నీనీ 1651లో పూర్తి చేసిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంది. నైలు, డాన్యూబ్, రియో డి లా ప్లాటాలతో పాటు అందులో నాలుగోది మన గంగ. పొడవాటి తెడ్డు పట్టుకుని గడ్డంతో ఉన్న పురుషుని రూపంలో ఉంటుంది. గంగను తల్లిగా తలిచే మనకు మొదట వింతగా తోస్తుంది. ఆ విగ్రహాన్ని వెతికి పట్టుకోకుండా అక్కడి నుంచి కదలవద్దు.

రెండు నిమిషాల దూరంలో సాన్ లుయీజీ చర్చి. ఎడమ వైపు చివరి చిన్న మందిరంలో యేసు శిష్యుడు మత్తయి జీవితం మీద కారవాజ్జో వేసిన మూడు చిత్రాలు ఉన్నాయి. అక్కడి పెట్టెలో నాణెం వేస్తే దీపం కొద్దిసేపు వెలుగుతుంది, కాబట్టి చిల్లర ఉంచుకోండి. అక్కడి నుంచి పాంథియన్‌కు వెళ్లండి. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టిన ఆ గుమ్మటం అడ్డంగా 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తు కూడా అంతే. లోపల ఇనుప కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటాలలో ప్రపంచంలో నేటికీ ఇంతకంటే పెద్దది లేదు. పైకి వెళ్లే కొద్దీ కాంక్రీటులో తేలిక రాళ్లు కలిపారు, కొసన నురుగురాయి వాడారు. పైనున్న గుండ్రని రంధ్రానికి మూత లేదు, వాన పడితే నేలలోని చిన్న చిల్లుల గుండా నీరు పోతుంది. వాన వస్తే ప్రణాళిక చెడిందని దిగులుపడక నేరుగా ఇక్కడికే రండి.

ట్రెవీ ఫౌంటెన్‌ను ఈ రాత్రికే పెట్టుకోండి, భోజనం తరువాత, వీలైనంత ఆలస్యంగా. 1762లో పూర్తయిన ఆ శిల్పాల కింద పారే నీటి మార్గం క్రీ.పూ. 19లో రోమన్ సేనాని అగ్రిప్పా వేయించిన విర్గో కాలువదే.

శనివారం: బొర్గేసే, నది అవతల సాయంత్రం

ఉదయం తొమ్మిది గంటల విడతకు బొర్గేసే చేరండి. సంచులు బయట అప్పగించాలి, అరగంట ముందు ఉండటం మంచిది. రెండు గంటలలో బెర్నీనీ చెక్కిన అపొలొ, డాఫ్నే శిల్పానికి (దేవుడు వెంటపడగా చెట్టుగా మారిపోయిన అమ్మాయి కథ) కనీసం ఇరవై నిమిషాలు ఇవ్వండి. వెనక వైపు నుంచి మొదలుపెడితే పరుగెత్తుతున్న యువకుడు మాత్రమే కనిపిస్తాడు. చుట్టూ తిరిగే కొద్దీ అమ్మాయి వేళ్ల కొసలు ఆకులుగా, పాదాలు చెట్టు వేళ్లుగా మారుతూ వస్తాయి. ఆ ఆకుల పలుచదనం పాలరాతిలో ఎలా సాధ్యమైందో దగ్గరగా చూసినా అంతు చిక్కదు.

అక్కడి నుంచి తోట గుండా నడిచి పించో కొండ అంచు మీదుగా పొపొలో చౌకుకు దిగవచ్చు. అక్కడి సాంతా మరియా దెల్ పొపొలో చర్చిలో కారవాజ్జో చిత్రాలు ఇంకో రెండు ఉన్నాయి, మధ్యాహ్నం మూసేలోగా చేరాలి. స్పానిష్ మెట్లు దారిలోనే ఉన్నాయి. 2019 నుంచి వాటి మీద కూర్చోవడం నిషేధం, కూర్చుంటే జరిమానా వేస్తారు. మధ్యాహ్నం తరువాత 8వ నంబరు ట్రాములో ట్రాస్తెవెరేకు వెళ్లి, సందుల వెంట తిరిగి, జానికులం కొండ ఎక్కితే మూడు రోజులలో మీరు తిరిగిన గుమ్మటాలన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. ఏది ఏదో వేలు పెట్టి గుర్తుపట్టగలుగుతారు. భోజనశాలలు రాత్రి ఏడున్నర తరువాతే వంట మొదలుపెడతాయి, శనివారం కాబట్టి చోటు ముందుగా చెప్పి ఉంచండి.

తిరుగు ప్రయాణం

ఆదివారం విమానం మధ్యాహ్నమైతే ఉదయాన్నే ఒక పూట మిగులుతుంది. సామాను బసలో ఉంచి దగ్గరలోని చౌకులో కాఫీ తాగి రావడానికే దాన్ని వాడండి, కొత్తగా ఏదీ చేర్చవద్దు. లియొనార్డో ఎక్స్‌ప్రెస్ తెర్మినీలో 23, 24 ప్లాట్‌ఫారాల నుంచి బయలుదేరుతుంది. అవి స్టేషన్‌లో ఒక పక్కగా ఉంటాయి, ప్రధాన ద్వారం నుంచి సామానుతో నడవడానికి పది నిమిషాలు లెక్కవేసుకోవాలి. కాగితపు టికెట్ అయితే ఎక్కే ముందు యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. విమాన సమయానికి మూడు గంటల ముందు ఫియుమిచీనోలో దిగేలా రైలు చూసుకుంటే, షెంగెన్ వెలుపలికి వెళ్లేవారికి పాస్‌పోర్టు తనిఖీ వరుస ఎంత పొడవున్నా కంగారు ఉండదు.